పోలేపల్లి గేటు ముందు ఏజెన్సీలు: ఒక్క కొలువుకు రెండు ఫీజులు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో గానీ, కొత్తూరులో గానీ, అటు చౌటుప్పల్ వైపు గానీ హెల్పర్, ప్యాకింగ్, హౌస్‌కీపింగ్ పనులు ఎక్కువగా కంపెనీలకు మనుషులను పంపే ఏజెన్సీల చేతిలోనే ఉంటాయి. పని తొందరగా ఇప్పించడంలో ఈ ఏజెన్సీలకు మంచి మార్కులే వేయాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రెండు ఫొటోలు ఇచ్చి, మెడికల్ అయిపోతే గేట్‌పాస్ వచ్చేస్తుంది. తేడా అంతా పైసల దగ్గరే.

ఏజెన్సీకి రావాల్సింది కంపెనీయే ఇస్తుంది. 14,000 జీతం అనుకుందాం. దాని మీద యజమాని వాటాగా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, అంటే 1,820. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 3.25 శాతం, 455. మొత్తం 16,275. దీనిమీద సర్వీస్ చార్జీ 8 శాతానికి మాట్లాడుకున్నారంటే మనిషికి నెలకు 1,302. యాభై మందిని పంపితే నెలకు 65,100. ఆపైన 18 శాతం జీఎస్టీ కూడా కంపెనీ బిల్లులోనే. చేరేరోజు ‘జాయినింగ్’ అనో, ‘బూట్లు, యూనిఫాం’ అనో కార్మికుడి దగ్గర తీసుకునేది మరి దేనికి? అది రెండో ఫీజు. రసీదు అడిగి చూడండి, ఇవ్వరు. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ కూడా కమీషన్ తినేవాడు, కానీ ముందు అడ్వాన్స్ తానే చేతిలో పెట్టేవాడు. ఈ ఏజెంటు ఎదురు తీసుకుంటున్నాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ కటింగ్‌లలో ఉంది. 14,000 మీద కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, 1,680. ఈఎస్ఐ 0.75 శాతం, 105. చేతికి 12,215 రావాలి. 15,000 లోపు జీతానికి తెలంగాణలో వృత్తి పన్ను కూడా లేదు. కొందరు ఏజెంట్లు యజమాని వాటా 2,275 కూడా ఇందులోంచే కోసేసి 9,940 వేస్తారు. అడిగితే ‘పద్నాలుగు వేలంటే సీటీసీ’, అంటే యజమాని వాటా కూడా కలిపిన మొత్తం, అంటారు. అందుకే చేరేముందు ‘జీతం ఎంత’ అని కాదు, ‘బ్యాంకులో ఎంత పడుతుంది, యజమాని వాటా ఎవరిది’ అని అడగాలి. పే స్లిప్ ఇవ్వని ఏజెన్సీకి ఒక్క మార్కు కూడా దండగ.

పీఎఫ్ కట్టారో లేదో ఏజెంటును అడగాల్సిన పని లేదు. నెల పైసలు తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూస్తే కార్మికుడి వాటా 1,680, యజమాని వాటా 514, పెన్షన్ 1,166 కనిపించాలి. 514 చూసి మోసం అనుకునేవాళ్లు చాలామంది. అది మోసం కాదు, యజమాని 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. మోసమంటే స్లిప్‌లో 1,680 కోసి పాస్‌బుక్‌లో ఆ నెల ఖాళీగా ఉండటం.

ఈఎస్ఐలో కిటుకు వేరు. జబ్బు చేసి ఇంట్లో ఉంటే 70 శాతం వేతనం రావాలంటే ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకొకటి. నెలంతా పనిచేయించుకుని 12 రోజులే చూపిస్తే ఆరు నెలలకు 72. ఆరు రోజుల తేడాతో జబ్బు పైసలు పోయినట్టే. మస్టర్‌లో ఉన్న హాజరుకు, ఈఎస్ఐలో చూపిన రోజులకు తేడా ఉందేమో నెలనెలా చూసుకోవాలి.

ఓటీ (ఓవర్‌టైం) సంగతీ అంతే. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు రేటు. 26 రోజుల లెక్కన 14,000కు రోజు కూలి 538, గంటకు దాదాపు 67.30. నాలుగు గంటల ఓటీకి 538 రావాల్సిన చోట 269 చేతిలో పెడతారు. కంపెనీ రెట్టింపే ఇచ్చి ఉంటే ఆ మిగిలిన సగం ఏజెన్సీ జేబులోకే. గేట్‌పాస్ పంచ్ టైములు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత వాదించడానికి పనికొస్తుంది. బోనస్ మాట అసలు ఎత్తరు: 21,000 లోపు జీతం, ఏడాదిలో 30 రోజుల పని ఉంటే చాలు, 7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దాని మీద కనీసం 8.33 శాతం.

ఏజెంటు ఫోన్ ఎత్తకపోతే కంపెనీ హెచ్ఆర్‌కే రాతపూర్వకంగా ఇవ్వాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదే. అదీ కాకపోతే కార్మిక శాఖ ఆఫీసు, పీఎఫ్‌కు ఈపీఎఫ్ఐజీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్.

ఏడాది తిరగకముందే ఏజెన్సీ పేరు మార్చి అదే గేటులోకి మళ్లీ పంపడం ఇంకో అలవాటు. పాత ఏజెన్సీ పీఎఫ్‌లో ‘ఎగ్జిట్’ తేదీ వేయదు, పైసలు బదిలీ కాకుండా ఇరుక్కుంటాయి. దానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (కార్మికుడి పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, ఆధార్ ఓటీపీతో కార్మికుడే ఆ తేదీ వేసుకోవచ్చు. చేరిన మొదటి వారంలోనే ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు పనిచేస్తోందో లేదో చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.