మా చెరువు కట్టను వెబ్‌ఓడీఎంలో చూసుకున్నాను

నర్సంపేట దగ్గర మా ఊరి చెరువు కట్ట ఎక్కడ కుంగిందో చూద్దామని డ్రోన్‌తో 240 ఫొటోలు తీసి వెబ్‌ఓడీఎంలో వేశాను. ఇది డ్రోన్ ఫొటోలను కలిపి ఆ చోటి 3డీ రూపం తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఒకే చోటు నాలుగైదు ఫొటోల్లో పడితేనే ఎత్తు సరిగ్గా తేలుతుంది, అందుకే పక్కపక్క ఫొటోలు 80 శాతం కలిసేలా ఎగరేశాను. నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ చాలలేదు. తమ్ముడి సిస్టమ్‌లో రాత్రి పెడితే తెల్లారేసరికి తెర మీద కట్ట మొత్తం లేచి నిలబడింది! తూము పక్కన ట్రాక్టర్ టైరు గాడి, దాని అంచున కూలిన రాయి కూడా కనబడ్డాయి. మా తాత మట్టి మోసిన కట్ట అది, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నీళ్లున్న చోట మాత్రం ఆ 3డీ రూపంలో అంతా గుంతలే. మెరుస్తూ కదిలే నీటిలో పోల్చుకునే గుర్తులు దొరకవు. అందుకే నీళ్లు తగ్గే ఎండాకాలం తీయండి. కట్ట మీద సున్నంతో గుర్తులు పెట్టి, అవి ఉన్న చోటు, ఎత్తు కొలిచి సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకుండా అది చూపే ఎత్తులు నమ్మొద్దు.