చేతి కత్తి, డై యంత్రం, కంప్యూటర్ కట్టర్: పొరల గ్రీటింగ్ కార్డులకు ఏది మేలు?

ఉగాదికో, సంక్రాంతికో, ఇంట్లో జరిగే పెళ్లికో సొంతంగా గ్రీటింగ్ కార్డులు చేసి ఇవ్వాలనుకునేవారికి కాగితం, జిగురు కొన్న వెంటనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆకారాలను దేనితో కోయాలి? మార్గాలు మూడు. సన్నని మొన ఉన్న చేతి కత్తితో ఒక్కొక్క గీతా కోయడం ఒకటి. ఆకారపు గీతే కోత అంచుగా ఉండే ఉక్కు అచ్చును, అంటే డైని, కాగితం మీద పెట్టి, చేత్తో తిప్పే రోలర్ యంత్రంలో నొక్కి కోయడం రెండోది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను అందుకుని బ్లేడుతో తానే కోసే ఎలక్ట్రానిక్ కట్టర్ మూడోది. వీటిలో ఏది మేలన్న చర్చ చాలాసార్లు ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగిపోతుంది. నా లెక్కలో ముందు తేల్చుకోవలసినవి వేరే రెండు ఉన్నాయి: ఒకే ఆకారం మీకు ఎన్నిసార్లు కావాలి? కార్డు మీది తెలుగు అక్షరాలను కాగితంతోనే కోసి అతికించాలా, లేక కలంతో రాస్తే సరిపోతుందా? ఒకే ఆకారం పదులకొద్దీ కావాలంటే రోలర్ యంత్రం కొనాలి. అక్షరాలను కోసి తీరాలంటే ఎలక్ట్రానిక్ కట్టర్ తప్ప గత్యంతరం లేదు. ఈ రెండు అవసరాలూ లేనివారికి చేతి కత్తే మేలు, మిగిలిన డబ్బును మంచి కాగితానికి పెట్టడం ఇంకా మేలు.

కాగితం మాట ముందుగా ఎత్తడానికి కారణం ఉంది. ఏ పనిముట్టుతో కోసినా పొరల కార్డుకు అందం వచ్చేది పొరల రంగుల మధ్య తేడా వల్ల, పై పొర కింది పొర మీద వేసే నీడ వల్ల. 1840ల చివర అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్‌లో వాలెంటైన్ కార్డుల వ్యాపారం మొదలుపెట్టిన ఎస్తర్ హౌలండ్ తెల్లని లేసు కాగితం వెనుక ముదురు రంగు కాగితపు ముక్కను పెట్టి అల్లికను ఎత్తి చూపించారు. ఆ లేసును చిన్న కాగితపు మడతల మీద నిలబెట్టి కింది పొర నుంచి పైకి లేపారు కూడా. ఇవాళ మనం ఫోమ్ టేప్‌తో, అంటే రెండువైపులా అంటుకునే మందపాటి స్పాంజి టేపుతో, చేస్తున్నది ఆ పనే. అందుకే పనిముట్టు ఎంత ఖరీదైనదైనా, రెండు పొరలకూ ఒకే ఛాయ రంగు ఎంచుకుంటే ఆ కోత పనంతా కంటికి ఆనకుండా పోతుంది.

కార్డు అడుగుకు, అంటే మడిచే అసలు కార్డుకు, 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం కావాలి. పై పొరలకు 160 నుంచి 220 మధ్య ఉంటే చాలు. స్టేషనరీ దుకాణంలో దొరికే మామూలు చార్ట్ పేపర్ పై పొరలకు పనికివస్తుంది కానీ, దానితో అడుగు చేస్తే కార్డు నిలబెట్టినప్పుడు వంగిపోతుంది. కొనేముందు షీటు మూలను కొద్దిగా చింపి లోపలి రంగు చూడడం మంచిది. పైపైన రంగు వేసిన కాగితమైతే లోపల తెల్లగా ఉంటుంది, కోసిన ప్రతి అంచునా ఆ తెలుపు గీతలా బయటపడుతుంది. మడత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కాగితంలో నార ఒక దిశలో పరుచుకుని ఉంటుంది. ఆ దిశ వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, దానికి అడ్డంగా మడిస్తే పగులుతుంది. ఏ4 షీటులో నార సాధారణంగా పొడుగు వైపు ఉంటుంది. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ సగానికి మడిస్తే సుమారు 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. ఎత్తు ఉన్న కార్డు వస్తుంది, దాని మడత నార వెంటే పడుతుంది. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, ఆ గీత మీద ఒకసారి గట్టిగా గీస్తే చాలు.

ఇక చేతి కత్తి. మొన సన్నగా ఉండే 11వ నంబరు బ్లేడు, దాని పిడి, కింద పరచడానికి కటింగ్ మ్యాట్, ఒక ఉక్కు స్కేలు ఉంటే సరంజామా పూర్తయినట్టే. మామిడి తోరణం ఉన్న ఉగాది కార్డును ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో ఆకుకూ మూడు పొరలు: అడుగున ముదురు ఆకుపచ్చ, దాని మీద కాస్త చిన్నదిగా లేత ఆకుపచ్చ, అన్నిటికంటే పైన నడిమి ఈనె దగ్గర సన్నని చీలిక కోసిన చిగురు రంగు ఆకు. ఆ చీలికను ముందు కోసి, ఆకు అంచును చివర కోయాలి. అంచు ముందే కోసేస్తే చేతిలో మిగిలే చిన్న ముక్క జారిపోయి ఈనె వంకర పోతుంది. వంపు వచ్చినచోట తిప్పవలసింది కత్తిని కాదు, కాగితాన్ని. 200 జీఎస్‌ఎం కాగితాన్ని ఒకే దెబ్బకు కోయాలని అదమడం కంటే, తేలికగా రెండుసార్లు అదే గీత మీద నడిపిస్తే అంచు శుభ్రంగా వస్తుంది. మొన విరిగిన బ్లేడు కాగితాన్ని కోయదు, పీకుతుంది. బ్లేడు మార్చడంలో పిసినారితనం పనికిరాదు.

చేతి కోతకున్న గొప్పతనం ఏమిటంటే, ఏ ఆకారమైనా మనదే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు తోలు మీద చిన్న ఉలులతో కొట్టిన రంధ్రాలు దీపపు వెలుగులో నగలుగా, చీర అంచులుగా కనిపిస్తాయి. కాగితం మీద కూడా అంతే: ఖాళీ వదిలిన చోటే నకిషీ. ఆ ఖాళీలను ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఆపాలో కత్తి పట్టినవారికి అర్థమైనంతగా యంత్రం తిప్పినవారికి అర్థం కాదని నా గట్టి నమ్మకం. కొత్తగా నేర్చుకునేవారు, తర్వాత ఏ యంత్రం కొన్నా సరే, కత్తితో మొదలుపెట్టాలని చెప్పేది అందుకే.

అయితే లెక్క వేసి చూడండి. తోరణానికి తొమ్మిది ఆకులు, ఆకుకు మూడు పొరలు అంటే కార్డుకు 27 ముక్కలు. ఇరవై మంది బంధువులకు ఇరవై కార్డులు చేయాలంటే 540 ముక్కలు. ఆ సంఖ్య దగ్గర కత్తి చేతులెత్తేస్తుంది. వేళ్లు అలిసేకొద్దీ ఆకుల కొలతలు కూడా మారిపోతుంటాయి. రోలర్ యంత్రం విలువ తెలిసేది ఇక్కడే.

ఈ యంత్రం పనితీరు చాలా సాదా. పీఠం మీద ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద డై, డై కోత అంచుకు ఆనేలా కాగితం, ఆ పైన మరో పలక పెట్టి, రెండు రోలర్ల మధ్య నుంచి పిడి తిప్పుతూ పంపిస్తే ఒత్తిడికి కాగితం తెగుతుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. పలకలు కిర్రుమని చప్పుడు చేస్తాయి, దానికి కంగారు పడనవసరం లేదు. పొడవైన నిటారు అంచు ఉన్న డైని కొంచెం ఏటవాలుగా పెట్టాలి, లేకపోతే అంచంతా ఒకేసారి రోలర్ కిందికి వచ్చి తిప్పడం కష్టమవుతుంది. పలక ఒకవైపే వాడితే వంగిపోతుంది కనుక తిరగేస్తూ వాడాలి. అల్లిక ఎక్కువగా ఉన్న డైలో కాగితం ఇరుక్కుపోతే, రెండింటి మధ్య మైనపు కాగితం ముక్క వేసి కోస్తే సులువుగా ఊడివస్తుంది.

అంచు నాణ్యతలో కూడా డైకి ఒక ప్రత్యేకత ఉంది. నొక్కి కోయడం వల్ల ముక్క అంచు ఒకవైపు కొద్దిగా గుండ్రంగా వాలి, పొర మీద పొర పెట్టినప్పుడు మెత్తని మలుపులా కనిపిస్తుంది. నార ఎక్కువగా ఉండే చేతి తయారీ కాగితాన్ని కూడా డై చక్కగా కోస్తుంది. లాగుతూ కోసే బ్లేడుకు ఆ కాగితం లొంగదు, అంచున నూగు లేస్తుంది. ఇంకొకటి, డై తన యంత్రం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. క్రికట్ సంస్థ కటిల్‌బగ్ అనే చేతి యంత్రం అమ్మకాన్ని ఆపేసినా, దాని కోసం కొన్న పలుచని ఉక్కు డైలు పట్టే వెడల్పు ఉన్న ఏ ఇతర రోలర్ యంత్రంలోనైనా పనిచేస్తాయి. సిజిక్స్ బిగ్ షాట్ వంటి ఆరంగుళాల వెడల్పు యంత్రాలు పైన చెప్పిన కొలత కార్డుకు సరిపోతాయి. మూడంగుళాల చిన్న యంత్రం చవక కానీ, కార్డు ముఖం మొత్తాన్ని కప్పే చట్రం డై దానిలో దూరదు.

డైల లోటు కూడా దాచకూడదు. ప్రతి ఆకారానికీ ఒక డై కొనాలి, కొన్నది ఆ కొలతలోనే ఉంటుంది. పైగా బజారులో కనిపించేవాటిలో ఎక్కువ భాగం క్రిస్మస్ చెట్లు, మంచు రేకలు, ఇంగ్లిషు శుభాకాంక్షలు. గంగిరెద్దు కోసమో, భోగికుండ కోసమో వెతికితే నిరాశే మిగులుతుంది. దీనికి నేను చెప్పే ఉపాయం, బొమ్మల డైల జోలికి పోకుండా మూలాకారాలు కొనడం. ఒక ఆకు, ఒక రేక, ఒకదానిలో ఒకటి ఇమిడే వలయాలు, అలల అంచు వలయాలు ఉంటే మన పండగలన్నీ గడిచిపోతాయి. అలల అంచు వలయాలను ఐదు కొలతల్లో పసుపు, నారింజ రంగు కాగితాలతో కోసి, ప్రతి అంచునూ వేలితో కాస్త పైకి వంచి, పెద్దదాని మీద చిన్నది వచ్చేలా, అలలు ఒకదాని మీద ఒకటి పడకుండా కొద్దిగా తిప్పుతూ మధ్యలో మాత్రమే జిగురు చుక్క పెట్టి అతికిస్తే నిండైన బంతిపువ్వు వస్తుంది. అదే ఆకు డై తోరణానికీ పనికివస్తుంది, రేక డై తామరకూ పనికివస్తుంది. పువ్వుల ఆకారపు చిన్న చేతి పంచ్‌లు కూడా దొరుకుతాయి కానీ, షీటు అంచు దాటి లోపలికి అవి చేరవు, మందపాటి కాగితం దగ్గర మొరాయిస్తాయి. పిల్లల పనికి అవి చాలు.

ఎలక్ట్రానిక్ కట్టర్ ధర రోలర్ యంత్రం కంటే బాగా ఎక్కువ. దానికి బదులుగా ఇచ్చేది స్వేచ్ఛ: బొమ్మ మనదే, కొలత మన ఇష్టం. మెలికల ముగ్గునే చూడండి. గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఇచ్చి కోస్తే, తనను తాను దాటుకుంటూ పోయే ఆ గీత ఎక్కడా తెగకుండా ఒకే అల్లికగా చేతికి వస్తుంది. విడిగా రాలిపోయేవి చుక్కలు మాత్రమే, వాటిని తర్వాత అతికించుకోవచ్చు. ఇలాంటి పనిని కత్తితో చేయాలంటే అసాధారణమైన ఓపిక కావాలి, దీనికి తయారు డై దొరకదు.

కానీ ఈ యంత్రానికి తన పట్టింపులు ఉన్నాయి. కాగితం మారిన ప్రతిసారీ ఒత్తిడి సరిచూసి, మూలన చిన్న నమూనా కోసి చూసుకోవాలి. కాగితాన్ని పట్టుకునే జిగురు మ్యాట్ వాడేకొద్దీ పట్టు కోల్పోతుంది. కోత అయ్యాక కాగితాన్ని మ్యాట్ నుంచి లాగితే సన్నని భాగాలు చిరుగుతాయి. మ్యాట్‌ను బోర్లించి, కాగితం బల్లకు ఆని ఉండగా మ్యాట్‌నే వెనక్కి వంచుతూ తీయాలి. అన్నిటినీ మించి, యంత్రం సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ సంస్థ చేతిలో ఉంటుంది. 2021 మార్చిలో క్రికట్ సంస్థ, చందా కట్టనివారు నెలకు 20 సొంత బొమ్మలకు మించి ఎక్కించకూడదని ప్రకటించింది. కొనుగోలుదారుల నిరసన తర్వాత వెనక్కి తగ్గింది. ఒకసారి వెనక్కి తగ్గినంత మాత్రాన ఆ ఆధారం తీరిపోయినట్టు కాదు. ఉక్కు డైకి ఈ బెడద లేదు.

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం దీనికి పోటీ లేదు. "ఉగాది శుభాకాంక్షలు" అన్న మాటను కాగితంలో కోసి అతికించాలంటే, అక్షరాలు దేనికవే విడిపోవడం ఒక చిక్కు, అక్షరానికి అంటని చిన్న ముక్కలు రాలిపోవడం మరో చిక్కు. రాలిపోయే ముక్కలకు విరుగుడు రెండు పొరలు: అక్షరాలు ఒక రంగులో, వాటి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు పెంచి అన్నిటినీ కలిపి కోసిన నీడ పొర మరో రంగులో. కింది పొర మాటనంతా ఒక్క ముక్కగా పట్టి ఉంచుతుంది. ఖతి (ఫాంట్) మందంగా ఉండాలి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన రామభద్ర వంటి శీర్షిక ఖతులు కోతకు నిలుస్తాయి, సన్నని ఖతుల్లో ఒత్తులు చిరిగిపోతాయి. ఒత్తులు, గుణింతాలు చెదరకుండా ఉండాలంటే అక్షరాలను బొమ్మలు గీయడానికి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, గీతలుగా మార్చి, కలిసిన గీతలను ఏకం చేసి, అప్పుడు కట్టర్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లడం క్షేమం. సిల్హౌట్ యంత్రాల ఉచిత సాఫ్ట్‌వేర్ కూర్పు వాడేవారు ఫైలును డీఎక్స్‌ఎఫ్ (DXF) అనే ఫైలు రూపంలో దాచుకోవాలి. అంత శ్రమ పడిన తర్వాత కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను: అందమైన చేతిరాత ఉన్నవారు, డైతో కోసిన అండాకారపు ముక్క మీద ఆ మాటను కలంతో రాసి అతికిస్తే, ఆ కార్డు అందుకున్నవారు దాన్నే ఎక్కువ కాలం దాచుకుంటారు.

పొరలు అతికించడంలో కూడా ఎంపిక ఉంది: జిగురా, ఫోమ్ టేపా? నీటితో కూడిన తెల్ల జిగురు మందంగా పూస్తే కాగితం ఉబ్బి ముడతపడుతుంది. కాకినాడ, విశాఖ వంటి తేమ గాలి ఊళ్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. చదునుగా ఉండవలసిన పెద్ద పొరలకు డబుల్ సైడ్ టేపు, లేత అల్లికలకు సూది మొన సీసాతో పెట్టిన జిగురు చుక్కలు, నీడ పడవలసిన పై పొరకు ఫోమ్ టేపు వాడితే సరి. అన్ని పొరలకూ ఫోమ్ పెడితే ఏదీ పైకి లేచినట్టు కనిపించదు. ఒక్క పొరకే ఉంచండి.

కార్డును చేతికి ఇవ్వకుండా పోస్టులో పంపేవారు బరువు కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఉత్తరాల తపాలా రుసుము 20 గ్రాముల చొప్పున పెరుగుతుంది. 300 జీఎస్‌ఎం కాగితంతో పైన చెప్పిన కొలతలో చేసిన అడుగే 9 గ్రాములు దాటుతుంది. ముఖమంతా పరిచే ఒక పొర మరో మూడు గ్రాముల వరకు, కవరు నాలుగైదు గ్రాములు. అంటే రెండో పూర్తి పొర వేసేసరికి 20 గ్రాముల గీత దగ్గరికి వచ్చేస్తాం, దాటవచ్చు కూడా. రెండో పొర మధ్యభాగం పై పొర కింద ఎలాగూ కనిపించదు కనుక, డైతో దాన్ని చట్రంలా కోసి, తీసిన ముక్కను మరో కార్డుకు వాడుకుంటే బరువూ తగ్గుతుంది, కాగితమూ కలిసివస్తుంది. ఇక ఎత్తుగా ఉన్న బంతిపువ్వును కార్డు కుడివైపు పైమూలన కాకుండా ఎడమవైపు కిందికి అతికించి, ముఖం కవరు ముందువైపుకు వచ్చేలా లోపల పెట్టాలి. పోస్టాఫీసు ముద్ర పడేది కుడివైపు పైన, స్టాంపు మీద.