రెండేళ్ల బుడ్డోడున్న ఇంట్లో రోబో వాక్యూమ్ పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, తనంతట తానే తిరుగుతూ నేల ఊడ్చే ఈ యంత్రం దుమ్ముకి బాగా పనిచేస్తుంది, కింద పడ్డ అన్నానికి పనిచేయదు. పిల్లలున్న ఇళ్లలో దీన్ని కొనేవాళ్లలో చాలామంది ఆ రెండోదాని కోసమే కొంటారు. వీడియోల్లో చూపించేది మాత్రం మొదటిదే, అదీ ఎవరో లెక్కపెట్టి చల్లినట్టుండే ఓట్స్ గింజలతో. మా ఇంట్లో కింద పడేవి ఓట్స్ కాదు. పప్పన్నం, పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ ముక్కలు, రాగిజావ.

మాది హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్ వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేరే, వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచి. చుట్టూ ఎటు చూసినా టవర్లు లేస్తున్నాయి కాబట్టి పొద్దున తుడిచిన నేల మధ్యాహ్నానికల్లా మళ్లీ సిమెంటు దుమ్ముతో గరగరలాడుతుంది, మావాడేమో కింద కనబడిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకునే రకం. పనావిడ పొద్దున్నే వచ్చి ఊడ్చి తడిగుడ్డ పెట్టి వెళ్తుంది, ఆ తర్వాత రాత్రి దాకా నేల సంగతి మాదే. రాత్రి అమెరికా టీమ్‌తో కాల్ అయ్యాక చీపురు పట్టుకునే ఓపిక ఇద్దరిలో ఎవరికీ ఉండదు, అందుకే కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే 20 వేల నుంచి 30 వేల మధ్యలో దొరికేవాటి పనితీరులో పెద్ద తేడాలుండవు, నేను చెప్పే మంచీ చెడూ దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

కొనేవాళ్లు చూసుకోవాల్సిన మొదటి విషయం అది దారి ఎలా కనుక్కుంటుందన్నది. మూడు రకాలున్నాయి. చవకవాటిలో చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో, ఎటు మళ్లాయో లెక్కేసుకుని పోయే గైరో రకం, కెమెరాతో చూసుకునే రకం, నెత్తిమీద చిన్న బుడిపెలో లేజర్ తిరిగే లైడార్ రకం. పిల్లలున్న ఇంట్లో లైడారే తీసుకోండి. కారణం సింపుల్, మీరు దాన్ని నడిపేది పిల్లాడు పడుకున్నాక, హాల్లో లైట్లు ఆపేశాక. కెమెరా రకానికి వెలుతురు కావాలి, లైడార్‌కి చీకటైనా ఒకటే. గైరో రకం మా చెల్లెలి ఇంట్లో ఉంది, అది సోఫా ముందున్న చోటే మళ్లీ మళ్లీ తుడిచి డైనింగ్ టేబుల్ కింద ఒక్కసారీ వెళ్లకుండా బ్యాటరీ అవగొట్టుకుంటుంది. లైడార్‌కి ఒకటే ఇబ్బంది, నిలువుటద్దం ముందు తికమకపడుతుంది. అద్దంలో కనిపించేదాన్ని ఇంకో గది అనుకుని మ్యాప్‌లో మా బెడ్‌రూముకి పక్కన లేని గదిని గీసింది. ఊరికే వచ్చిన మూడో బెడ్‌రూమ్ అని మా ఆయన మురిసిపోయాడు.

ఇక మన ఇళ్ల నేల. చాలా ఫ్లాట్లలో తెల్లటి టైల్స్ వేసి గుమ్మాల దగ్గర నల్ల గ్రానైట్ పట్టీ వేస్తారు కదా, ఆ పట్టీ దగ్గరే అసలు కథ. మెట్ల మీంచి పడిపోకుండా ఈ యంత్రాల అడుగున సెన్సర్లు ఉంటాయి. అవి కిందకి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపి, అది తిరిగొస్తే నేల ఉందనీ రాకపోతే గొయ్యి అనీ అనుకుంటాయి. నల్లరంగు ఆ వెలుగుని మింగేస్తుంది. కాబట్టి మా బెడ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ వచ్చి, చివరికి లోయ అంచున నిలబడ్డానని తేల్చుకుని వెనక్కి పోతుంది. టెస్టింగ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి దీన్ని బగ్ అని రిపోర్ట్ చేశాను. కస్టమర్ కేర్ చాట్‌లో 'దయచేసి సెన్సర్లను మెత్తటి గుడ్డతో తుడవండి' అన్న జవాబే తిప్పితిప్పి ఇచ్చారు. గుమ్మంలో లేతరంగు పల్చటి మ్యాట్ ఒకటి అతికించాను, ఇప్పుడు దాటుతోంది. గడపలు మాత్రం రెండు సెంటీమీటర్లు మించితే ఎక్కలేదు, అంటే పెద్దవాళ్లు కట్టిన పాత ఇళ్లలో ఇది ఏ గదిలో పెడితే ఆ గదికే పరిమితం. మాకు పూజగదికి ఒక్కదానికే గడప ఉంది, అది మంచిదే అయింది. గుమ్మం బయట ముగ్గు వేసే జాగా మా లాబీలో ఉంది కాబట్టి బతికిపోయింది, లోపల వేసేవాళ్లు యాప్‌లో ఆ చోటుని నిషిద్ధ ప్రాంతంగా గీసుకోవాలి. మొన్న వరలక్ష్మీవ్రతం నాడు పీట ముందు వేసిన ముగ్గులో ఒక మూల శుభ్రంగా లేచిపోయింది, అత్తయ్య మొహం చూడాల్సింది.

అన్నం సంగతికొస్తే, ఎండిపోయిన మెతుకుల్ని బాగానే పీలుస్తుంది. తడి మెతుకులు బ్రష్‌కి అంటుకుంటాయి, జావ అయితే దాని మీదుగా పోయి తన అడుగున ఉండే తడిగుడ్డతో హాలంతా పలచగా పూస్తుంది. ఒకవేళ లోపల దుమ్ము చేరే డబ్బాలోకి వెళ్లినా అక్కడే పులిసి, మర్నాడు యంత్రం ఆన్ చేయగానే ఇల్లంతా అదో రకం వాసన. తడి పడినచోట ముందు చేత్తో తీసి, గుడ్డ పెట్టి, ఆరాక దీన్ని వదలాలి. అంటే తిండి అయ్యాక చేసే పని ఎక్కడా తగ్గదు. హైచైర్ కింద పరవడానికి ఒక పాత దుప్పటో ప్లాస్టిక్ షీటో ఈ విషయంలో పాతిక వేల యంత్రం కంటే నయం.

మెషీన్ ఏది తింటుందో మావాడికి మాకంటే ముందు అర్థమైంది. మొదట్లో దాన్ని చూసి ఏడ్చి చంక ఎక్కేవాడు. తర్వాత 'బూబూ ఆమ్' అంటూ దానికి తినిపించడం మొదలుపెట్టాడు. నోట్లో పెట్టిన ముద్ద తీసి దాని దారిలో వేస్తాడు, అది పీల్చుకోగానే చప్పట్లు. శుభ్రం చేయడానికి తెచ్చిన వస్తువు వల్ల కింద పడే అన్నం పెరిగింది. ఇలాంటి టెస్ట్ కేసు ఏ కంపెనీ రాసి ఉంటుంది చెప్పండి. పైగా దాని మీద కూర్చుని సవారీ. బటన్ల మీద నొక్కితే మధ్యలో ఆగిపోయి 'రిటర్నింగ్ టు డాక్' (ఛార్జింగ్ స్టాండుకి తిరిగి వెళ్తున్నా) అని ఇంగ్లీషులో గట్టిగా అరుస్తుంది, ఓసారి క్లయింట్ కాల్‌లో నేను అన్‌మ్యూట్ అయిన సెకనులోనే. యాప్‌లో చైల్డ్ లాక్ ఉంటుంది, కొన్న రోజే పెట్టేయండి, మాటలు కూడా ఆపేయండి.

అందుకే మేము పగలు నడపడం మానేశాం. వాడు పడుకున్నాక తలుపు వేసి, తక్కువ పవర్‌లో పెడితే పక్కగదిలో సన్నటి హోరు తప్ప వినిపించదు. కాకపోతే దానికి ముందు నేలంతా ఖాళీ చేయాలి, బొమ్మలు, సాక్సులు, ఛార్జర్ వైర్లు, అన్నీ. ఈ సర్దుడు కార్యక్రమం పావుగంట పడుతుంది. కానీ నిజం చెప్పాలంటే ఇంతకుముందు ఆ బొమ్మలు అక్కడే తెల్లారేవి. ఏదైనా మిగిలిపోతే డబ్బాలో దొరుకుతుంది. వారానికోసారి డబ్బా దులుపుతుంటే బూడిదరంగు దుమ్ము, అత్తయ్య తెల్లజుట్టు, నా నల్లజుట్టు ఉండచుట్టుకుని, ఆ మధ్యలో వాడి పట్టీల మువ్వ ఒకటి, నా కమ్మ శీల ఒకటి బయటపడ్డాయి. జుట్టు బ్రష్ చివర్లలో బిగుసుకుపోతుంది, కత్తెరతో కోసి తీయాలి. పొడుగు జుట్టున్నవాళ్లు కుచ్చు బ్రష్ కాకుండా రబ్బరు బ్రష్ ఉన్నది చూసుకోండి.

తడిగుడ్డ విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. అది తుడవడం కాదు, తడిపి పోవడం. బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని గుడ్డ అట్టకడుతుంది, ఫిల్టర్ నీళ్లు పోయండి. 'ఫినాయిల్ వేయకపోతే తుడిచినట్టేనా అమ్మా?' అని అత్తయ్య అడుగుతూనే ఉంటారు, కానీ ట్యాంకులో ఫినాయిల్, డెట్టాల్ లాంటివి వేయొద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంది, లోపలి పైపులూ పంపూ పాడవుతాయట. మా పనావిడ మొదటిరోజే దాన్ని చూసి 'గుండ్రంగా ఉంటే మూలలెట్టా తుడుస్తదమ్మా?' అంది. నేను చదివిన రివ్యూల్లో ఒక్కదాంట్లోనూ ఇంత సూటిగా లేదు. ఆవిడని మాన్పించే ఆలోచనతో మాత్రం ఇది కొనకండి. ఆవిడ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇల్లు మరీ పాడవకుండా కాచింది, అంతవరకే.

కెమెరా వద్దనడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు. 2022 డిసెంబర్‌లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ అనే అమెరికా పత్రిక ఒక కథనం రాసింది. రూంబా రోబో వాక్యూమ్‌లు తయారుచేసే ఐరోబోట్ కంపెనీ పరీక్షల్లో వాడిన యంత్రాలు ఇళ్లల్లో తీసిన ఫొటోలు, ఫొటోలో ఏముందో యంత్రానికి నేర్పడానికి లేబుళ్లు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల చేతుల్లోంచి ఆన్‌లైన్ గ్రూపుల్లోకి వెళ్లాయి. వాటిలో బాత్రూంలో ఉన్న ఒక మహిళ ఫొటో కూడా ఉంది. అవి అమ్మిన యంత్రాలు కావు, పరీక్షకి ఒప్పుకున్నవాళ్ల ఇళ్లవి అని కంపెనీ చెప్పింది. 2024లో అమెరికాలో కొందరి ఇళ్లలో ఎకోవాక్స్ అనే ఇంకో కంపెనీ యంత్రాలని హ్యాకర్లు చేజిక్కించుకుని వాటి స్పీకర్లలోంచి బూతులు తిట్టారు. బట్టలు లేకుండా తిరిగే పిల్లాడున్న ఇంట్లో నేల మీద తిరిగే కెమెరా నాకొద్దు. లైడార్‌దీ ఇంటి మ్యాప్ కంపెనీ సర్వర్లకే వెళ్తుంది, అది కూడా ఇష్టంలేనివాళ్లకి వాలెటూడో అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, కొన్ని మోడళ్లని కంపెనీ సర్వర్లతో పనిలేకుండా నడిపిస్తుంది. పెళ్లికి ముందైతే శనివారం కూర్చుని యంత్రం విప్పేదాన్ని. ఇప్పుడు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మన ఫోన్లు, లాప్‌టాప్‌లతో కలవని వేరే వైఫై) పెట్టి దాన్ని అందులో పడేశాను, దానికి ఐదు నిమిషాలు చాలు. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కావాలి, 5లో వెతికితే కనబడదు, సెటప్ కాకపోతే ముందు అది చూడండి.

దానంతట అదే దుమ్ము ఖాళీ చేసుకునే డాక్ ఉన్నదానికి ఇంకో 8, 10 వేలు ఎక్కువ అడుగుతారు. మాకు దండగ అనిపించింది, ఎందుకంటే ఆ డాక్ పీల్చేటప్పుడు వచ్చే చప్పుడుకి పడుకున్న పిల్లాడు లేచి కూర్చుంటాడు, పైగా సంచులు మళ్లీ మళ్లీ కొనాలి. మామూలుది తీసుకుని, ఫిల్టర్లు, పక్క బ్రష్‌లు దొరికే మోడలేనా అని కొనేముందే చూసుకోండి. దసరా, దీపావళి సేల్ దగ్గర్లో ఉంటే ఆగండి, బాగానే తగ్గిస్తారు. ఇంట్లో కార్పెట్లు, గడపలు ఎక్కువున్నవాళ్లు, కింద పడ్డ అన్నం కోసం కొందామనుకునేవాళ్లు వద్దు. దుమ్ము రోడ్డు పక్క ఫ్లాటు, టైల్స్ నేల, రాత్రి తొమ్మిదింటికి పడుకునే పిల్లాడు, ఈ మూడూ ఉంటే కొనండి.