రాజ్యాంగ చట్టం ఇష్టపడి చదివాక: రిట్ ప్రాక్టీసా, జడ్జి పరీక్షా, ఎల్ఎల్ఎమ్మా?

లా కాలేజీలో రాజ్యాంగం, పరిపాలనా చట్టం మనసుపెట్టి చదివే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ కొందరుంటారు. కేశవానంద భారతి, మేనకా గాంధీ లాంటి సుప్రీంకోర్టు పెద్ద కేసుల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. ఆఖరి సెమిస్టర్‌కి వచ్చేసరికి ఇంట్లో అడగడం మొదలుపెడతారు, 'తర్వాత ఏంటి?' అని. అక్కడే టెన్షన్. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది మూడు దారుల మధ్య ఊగుతుంటారు: హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యల మీద వేసే పిటిషన్) ప్రాక్టీసు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష, ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేసి పాఠాలు చెప్పడం. నా ఓటు రిట్లకే. ఎందుకో చెప్తాను.

ముందు జడ్జి పరీక్ష సంగతి. మూల వేతనమే 77,840 రూపాయల దగ్గర మొదలవుతుంది, పైగా గౌరవం, స్థిరత్వం. ఇంట్లోవాళ్లు దీనికే మొగ్గడంలో తప్పేం లేదు. కానీ డిగ్రీ అవగానే కోచింగ్‌లో కూర్చుని రాసేద్దామనుకుంటే కుదరదు. 2025 మే 20న సుప్రీంకోర్టు, లాయరుగా కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలన్న నిబంధనను మళ్లీ తెచ్చింది. లాయరుగా తాత్కాలికంగా పేరు నమోదైన (ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచే లెక్క కడతారు, జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుతారు. అంటే జడ్జి కావాలన్నా ముందు నల్లకోటు వేసుకుని తిరగాల్సిందే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. రాజ్యాంగం ఇష్టమని జడ్జి అయితే, బెంచి మీద మీకు రాజ్యాంగం పెద్దగా కనబడదు. ఇంజంక్షన్ దావాలు, భాగ పంపకాలు, ప్రామిసరీ నోట్లు, చెక్ బౌన్సులు, ఇవీ రోజువారీ పని. చట్టం చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న నిజంగానే ఎదురైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 113 కింద హైకోర్టుకు నివేదించాలి. రిట్లు అసలు ఆ కోర్టుకే రావు. సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

ఇక రిట్లు. ఇక్కడ రిట్లు జారీ చేసే అధికారం హైకోర్టుకిచ్చే 226వ అధికరణం రోజూ చేతిలో ఉంటుంది. ఒక మామూలు కేసు తీసుకోండి. రైతు కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే, భూమి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద, అమ్మకం రిజిస్టర్ చేయకూడని నిషేధిత జాబితాలో ఉందని వెనక్కి పంపేస్తారు. ఆయన పాసు పుస్తకం, అడంగల్, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), తాతల నాటి దస్తావేజు సంచిలో వేసుకుని వస్తాడు. జూనియర్‌గా మీ పని ఆ కాగితాలను తేదీల వరసలో పేర్చి, ఏ అధికారి ఏ అధికారంతో ఆ భూమిని జాబితాలో పెట్టాడో పట్టుకోవడం. నోటీసు ఇచ్చారా? ఆయన మాట విన్నారా? క్లాసులో సహజ న్యాయ సూత్రాలని చదువుకున్నది అఫిడవిట్‌లో నాలుగో పేరాగా మారేది ఇక్కడే. పక్కన 300ఏ అధికరణం, అంటే ఆస్తి హక్కు. కేసు మొదటిసారి జడ్జి ముందుకొచ్చే అడ్మిషన్ రోజున జీపీ (ప్రభుత్వ ప్లీడరు) 'ఇన్‌స్ట్రక్షన్స్ తెచ్చుకుంటాను, టైమ్ ఇవ్వండి' అంటారు. చాలాసార్లు వచ్చే ఉత్తర్వు కూడా చిన్నదే: వినతిపత్రాన్ని ఫలానా గడువులోగా పరిశీలించండి. గడువు దాటినా కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్.

అప్పుడప్పుడూ చిన్న ఊరి గొడవే పెద్ద తీర్పు అవుతుంది. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన పోరాటమే 1997లో సమత (ఆ కేసు వేసిన స్వచ్ఛంద సంస్థ) తీర్పు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూములైనా సరే, గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

దీని కష్టం డబ్బే. మొదటి రెండు మూడేళ్లు సీనియర్ ఇచ్చేది పెట్రోలుకూ, హాస్టల్‌కూ సరిపోతే గొప్ప. జూనియర్లకు పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది గానీ, అది సూచనే, జీతం కాదు. తర్వాత జీపీ, స్టాండింగ్ కౌన్సిల్ (ప్రభుత్వ సంస్థల తరఫు లాయరు) పదవులు రావచ్చు, కానీ ప్రభుత్వం మారితే జీపీలూ మారతారు. ఇంట్లో అప్పులుండి నెలనెలా డబ్బు పంపాల్సినవాళ్లకు నేను ఈ దారి చెప్పను. సంపాదించే చెల్లెలో, భార్యో, భర్తో అండగా ఉంటే వేరే మాట.

ఎల్ఎల్ఎం గురించి క్లుప్తంగా. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్‌తో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెండేళ్లు, జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్‌తో హైదరాబాద్ నల్సార్ లాంటి జాతీయ లా విశ్వవిద్యాలయాల్లో ఏడాది. బోధనలోకి వెళ్లాలంటే ఇది కావాలి, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) కూడా రాయాలి. చదవడం, రాయడం నిజంగా ఇష్టమైతే హాయిగా చేరండి. ఏం చేయాలో తోచక చేరితే మాత్రం ఏడాదో రెండేళ్లో గడిచాక మళ్లీ అదే ప్రశ్న ఎదురవుతుంది. జడ్జి పరీక్షకు కావాల్సిన మూడేళ్లకు ఈ పట్టా బదులు కాదు. అటుఇటూ తేల్చుకోలేనివాళ్లు ముందు ఎన్‌రోల్ అయ్యి, మంచి రిట్ సీనియర్ ఆఫీసులో చేరి, కాజ్ లిస్టుల్లో (రోజూ విచారణకొచ్చే కేసుల జాబితాల్లో) తమ పేరు వేయించుకుంటూ ఉంటే, మూడేళ్లలో జడ్జి పరీక్షకు అర్హతా వస్తుంది, ఎల్ఎల్ఎంలో ఏ అంశం మీద పరిశోధన చేయాలో కూడా తెలుస్తుంది.