ఇంగ్లిష్ ఇడియమ్స్ కిట్‌కి డబ్బు కట్టేముందు ఒక్క పేజీ తెరిచి చూడండి

పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు ఇంట్లో ఎవరైనా ఐఈఎల్‌టీఎస్‌కి (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) చదువుతుంటే ఇది పూర్తిగా చదవండి. కళ్యాణ మండపంలో ఉచిత సదస్సు అని పిలిచి, చివర్లో 'అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్' పేరుతో మూడు పుస్తకాలు, ఒక యాప్ కలిపి అంటగడుతున్నారు. మా చెల్లి కోసం మేం 14,500 రూపాయలు కట్టాం. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బులు పడిన వారానికే నాన్న అందులోంచి తీసిచ్చారు. నాకు కడుపు మండేది అందుకే.

ఏడు రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపసు అని మైకులో చెప్పారు. యాప్ తెరిచే కోడ్ మాత్రం ఎనిమిదో రోజున పంపారు. గట్టిగా అడిగితే రసీదు వెనక చూసుకోమన్నారు. చీమ తలకాయంత అక్షరాల్లో 'చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు' అని ఉంది.

డబ్బు కంటే పెద్ద నష్టం ఆ పుస్తకాల్లో ఉంది. రెండో పుస్తకం 112వ పేజీలో జోరు వానకి 'స్ట్రాంగ్ రెయిన్' అని వేశారు. ఇంగ్లిష్‌లో వాన 'హెవీ', టీ 'స్ట్రాంగ్'. తప్పుని 'మేక్' చేస్తారు, హోంవర్క్‌ని 'డూ' చేస్తారు. ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందో వాడుకే చెబుతుంది. కొలొకేషన్స్ అంటే ఇవే. మనం నీళ్లు తాగుతాం, సిగరెట్టూ తాగుతాం. ఇంగ్లిష్‌లో సిగరెట్‌ని 'డ్రింక్' అంటే ఎవరికీ అర్థం కాదు. అదే పేజీలో 'ఐ సా ఎ డ్రీమ్' అని, పక్కన 'నేను ఒక కల చూశాను' అని ఉంది. ఇంగ్లిష్‌లో 'హ్యాడ్ ఎ డ్రీమ్' అనాలి. మనకైతే కల వస్తుంది, లేదా కల కంటాం. కల చూసేది హిందీలో. ఎక్కడిదో హిందీ పుస్తకాన్ని తెచ్చి, ఒక్కసారి కూడా సరిచూడకుండా తెలుగులోకి దింపేశారని నాకు అక్కడే అర్థమైంది.

ఇడియమ్స్, అంటే జాతీయాల పుస్తకం ఇంకా ఘోరం. 'కిక్ ది బకెట్' ఎదురుగా 'మరణించు' అని రాసి వదిలేశారు. పాపం చెల్లి, మాక్ టెస్ట్ వ్యాసంలో తాతగారి మరణం గురించి అదే రాసింది. కాకినాడలో పేపర్ దిద్దిన మాస్టారు దాని కింద ఎర్ర గీత గీసి, 'సంతాప సభలో బాల్చీ తన్నేశారు అంటామా అమ్మా?' అని అడిగారట. ఏ మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పని జాబితా పిల్లల మార్కులు తినేస్తుంది. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లోనూ స్పీకింగ్‌లోనూ పదసంపదకి నాలుగో వంతు మార్కులు. బ్యాండ్ 7 (9కి 7 స్కోరు) వర్ణనలో అరుదైన మాటలతో పాటు శైలి, కొలొకేషన్ మీద అవగాహన కావాలని స్పష్టంగా ఉంటుంది. మూడు వేల పదాలు బట్టీ పట్టి వాటిని తప్పుగా వాడితే ఏం లాభం?

ఎవరు ఏం అమ్మినా, అక్కడే ఓ ఐదు వాక్యాలు ఎంచుకుని ఫోన్‌లో ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీలో సరిచూడండి. రెండూ ఉచితమే. ఆక్స్‌ఫర్డ్ 3000, 5000 పదాల జాబితాలు కూడా ఆ సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పేజీలు తెరవనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇప్పటికే కొన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేం చేశాం, ఇంకా జవాబు రాలేదు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, కోడ్ వచ్చిన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచుకోండి. మీ దగ్గరా ఇదే సెట్ ఉంటే 112వ పేజీ ఫొటో తీసి నాకు పంపండి, మా ఫిర్యాదుకి జత చేస్తాను.