పోస్ట్ బేసిక్ కోసం ఉద్యోగం మానాలా, డ్యూటీ చేస్తూ చదవాలా: ఏది మేలు?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం... ఒడిశాలో ఇటువైపు ఆసుపత్రుల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మీద పనిచేస్తున్న మన తెలుగు అమ్మాయిలు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అక్కా, పోస్ట్ బేసిక్ చేయనా, వద్దా?" పోస్ట్ బేసిక్ అంటే జీఎన్ఎం తర్వాత చేసే బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ. ఆ డిగ్రీ దేనికో ముందు చెప్పమ్మా అంటాను. దాన్నిబట్టి దారి మారిపోతుంది మరి.

గవర్నమెంటు ఉద్యోగం కోసమే అయితే కాలేజీకి తొందరపడొద్దు. ఎయిమ్స్ వాళ్ళు నర్సుల ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్షకి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో పాటు కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ళ అనుభవం ఉంటే జీఎన్ఎం వాళ్ళూ రాయొచ్చు. అంటే మీరు ఇప్పుడు చేస్తున్న డ్యూటీయే మీ అర్హత. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో పడకల సంఖ్య, చేరిన తేదీ రాయించుకోండి. ఒడిశా ప్రభుత్వ పోస్టులకైతే ఒడియా కూడా కావాలి. ఇచ్ఛాపురంలోనో పలాసలోనో తెలుగు మీడియంలో చదివి ఇటు వచ్చినవాళ్ళు ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష పాసవ్వాల్సిందే, డిగ్రీ సంగతి ఆ తర్వాత.

టీచింగ్‌లోకి వెళ్ళాలి, ఎమ్మెస్సీ చేయాలి అంటే మాత్రం పోస్ట్ బేసిక్ తప్పదు. ఎమ్మెస్సీకి అందులో 55 శాతం మార్కులు, ఒక ఏడాది అనుభవం అడుగుతారు, ఆ అనుభవం పోస్ట్ బేసిక్‌కి ముందుదైనా చెల్లుతుంది కాబట్టి ఇన్నాళ్ళ మీ కష్టం ఎక్కడికీ పోదు.

ఇక కాలేజీకి వెళ్ళి చదివే రెగ్యులరా, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివే ఇగ్నో (ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీ)నా?

రెగ్యులర్ 2 ఏళ్ళు. జీతం ఆగిపోతుంది, బరంపురంలో చదివినా విశాఖలో చదివినా ఫీజు, హాస్టల్ ఖర్చు చేతి నుంచే పోతుంది. కానీ రోజూ క్లాసు, క్లినికల్స్ (వార్డులో శిక్షణ), తప్పు చేస్తే పక్కనే ఉండి సరిదిద్దే మేడమ్ ఉంటారు, రేపు పాఠం చెప్పాలనుకునేవాళ్ళకి అదే పెట్టుబడి. ఇగ్నో 3 ఏళ్ళు, ఎంట్రన్స్ రాయాలి, జీతం మాత్రం ఆగదు. వినడానికి బాగుంటుంది గానీ, నైట్ డ్యూటీలో తెల్లవారుజామున బీపీలు చూసి, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు కూడి, హ్యాండోవర్ ఇచ్చి ఇంటికొచ్చి, పిల్లలకి క్యారేజీ కట్టి, అప్పుడు చదువు కోసం రాయాల్సిన కేర్ ప్లాన్ (రోగికి చేసే సేవల ప్రణాళిక) ఫైలు తెరిచి అసెస్‌మెంట్ నుంచి ఇవాల్యుయేషన్ దాకా గళ్ళన్నీ నింపాలి. ప్రాక్టికల్స్‌కి స్టడీ సెంటర్‌కి వెళ్ళక తప్పదు, సెలవు సంగతి అప్లికేషన్ పెట్టకముందే నర్సింగ్ సూపరింటెండెంట్‌తో మాట్లాడుకోండి.

నా మట్టుకు, మీ జీతం మీద ఇల్లు నడవకపోతే రెగ్యులరే మేలు, అప్పు చేయాల్సి వచ్చినా సరే అంటాను. మీ జీతంతోనే పొయ్యి వెలిగే ఇల్లయితే ఇగ్నో, అదీ ఇంట్లో ఒకరైనా పనిలో చేయి వేస్తేనే. ఇప్పటికే ప్రభుత్వ నర్సుగా ఉన్నవాళ్ళు రాజీనామా మాట ఎత్తకుండా ముందు స్టడీ లీవ్ గురించి కనుక్కోండి.

"క్లాసుకి రానక్కర్లేదు, పరీక్షకి వస్తే చాలు" అనే కాలేజీల జోలికి మాత్రం దయచేసి వెళ్ళొద్దు. మన దగ్గరికి కొండల మీద నుంచి కువి అనే గిరిజన భాష తప్ప ఇంకో భాష రాని తల్లులు బిడ్డల్ని ఎత్తుకొని వస్తారు, ఆ బిడ్డకి డోసు లెక్క కట్టాల్సింది మనమే. చేరేముందు ఆ కాలేజీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూడండి. పాసయ్యాక కొత్త డిగ్రీని రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోండి, ఆంధ్రాలో చదివి ఒడిశాలో పనిచేయాలంటే ఈ పని అస్సలు వాయిదా వేయొద్దు.