సొంత ట్రైలరా, అద్దె ట్రాలీనా?

హైదరాబాద్ బాలానగర్‌లో ఏ వెల్డింగ్ షాపు ముందు నిలబడినా, చిన్న కారు వెనక తగిలించి సామాను మోసే ట్రైలర్ తయారుచేయడం చిటికెలో పని అనిపిస్తుంది. చదరపు పైపులతో ఫ్రేమ్, ఒక యాక్సిల్, రెండు చక్రాలు, కమాన్ పట్టీలు, వెనక లైట్లు. మిగతాదంతా బరువు లెక్క. మొత్తం బరువులో దాదాపు 10 శాతం కారుకు తగిలించే హుక్ మీద పడేలా సర్దాలి. వెనక్కి ఎక్కువ వేస్తే స్పీడులో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, కారునూ ఊపేస్తుంది. రివర్స్ సంగతి సరే సరి: స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు దిక్కుకు పోతుంది.

అసలు చిక్కు కాగితాల దగ్గర. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అంటే ఫారం 20, మనమే నింపుకోవచ్చు. కానీ ఫారం 21 అమ్మినవాడు ఇచ్చే సర్టిఫికెట్, ఫారం 22 బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చేది. ఇంట్లో కట్టినదానికి ఆ సంతకం ఎవరు పెడతారు? ఇనుము కొనకముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి అడగడం నయం.

ట్రాలీ ఆటోకైతే ఈ టెన్షన్ లేదు. ఫోన్ చేస్తే టాటా ఏస్ లాంటి చిన్న సరుకుల బండి వస్తుంది, ముప్పావు టన్ను దాకా మోస్తుంది, కాగితాలు డ్రైవరువి. బేరమాడాలి, అంతే.

ఏడాదికి నాలుగైదుసార్లు సామాను మోయడానికైతే నేను అద్దె బండినే పిలుస్తాను. ప్రతి వారం పొలానికి మొక్కలు, పైపులు తీసుకెళ్లేవారైతే కాగితాలన్నీ ఇచ్చే తయారీదారు దగ్గర ట్రైలర్ కొనుక్కోవాలి. అపార్ట్‌మెంట్‌లో దాన్ని ఎక్కడ పెడతారో మాత్రం వాచ్‌మన్‌ను ముందే అడగండి.